అవే అలవాటు పడతాయట!

అడవి పక్కన కొత్త రోడ్డు పడబోతున్నా, గడ్డి మైదానం మీదుగా హైటెన్షన్ లైను వెళ్లబోతున్నా, సముద్రపు ఒడ్డున రిసార్టు లేవబోతున్నా మన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "జంతువులదేముందండీ, అవే అలవాటు పడతాయి." ప్రజాభిప్రాయ సేకరణలో మైకు పట్టుకున్న పెద్దమనిషి అంటాడు. టీవీ చర్చలో విశ్లేషకుడు అంటాడు. అడవినీ జంతువునీ నిజంగా ఇష్టపడేవాళ్లు కూడా, తమ చేతిలో ఏమీ లేదనిపించినప్పుడు అదే అనుకుని మనసు సర్దుకుంటారు. ఆ మాట తప్పు. సైన్సు వేషం కట్టుకుని రావడం వల్ల దాన్ని ఎవరూ నిలదీయడం లేదు.

ముందు ఆ వాదం ఏమిటో వాళ్ల తరఫునే చెబుతాను. భూమ్మీద జీవం పుట్టిన నాటి నుంచి వాతావరణం మారుతూనే ఉంది. మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. నదులు దారులు మార్చుకున్నాయి. మారగలిగిన జీవులు బతికాయి, మారలేనివి పోయాయి, కొత్తవి పుట్టాయి. డార్విన్ 1859లోనే ఈ సంగతి పుస్తకం రాసి మరీ చెప్పాడు. కళ్లెదుట సాక్ష్యాలకూ కొదవలేదు. ముంబైలో సంజయ్ గాంధీ జాతీయ పార్కు చుట్టూ చిరుతలు వీధికుక్కల్ని తింటూ బతుకుతున్నాయి. తెలంగాణ పల్లెల్లో కోతులు అడవి మొహం చూడకుండా తరాలు గడిపేస్తున్నాయి. నెమళ్లు వేరుశనగ చేలల్లో తిరుగుతున్నాయి. ఇవన్నీ బతగ్గా లేనిది తక్కినవి ఎందుకు బతకవు? ప్రకృతి ఒక్కోదానికి ఒక్కో ఆయుధం ఇచ్చింది కదా: గోళ్లు, ముళ్లు, పొలుసులు, రంగులు, రెక్కలు?

వినడానికి బాగుంది. ఇప్పుడు విప్పి చూద్దాం.

1. మారిందెవరు, చచ్చిందెవరు?

ఈ వాదానికి బడి పుస్తకాల్లోంచి దొరికే ఉదాహరణ ఇంగ్లండులోని ఒక చిమ్మట. తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. పగలు చెట్టు బెరడు మీద వాలితే కనిపించదు. బొగ్గు ఫ్యాక్టరీల మసి చెట్లకు పట్టాక ఆ తెల్ల రెక్కలు కొట్టొచ్చినట్టు కనబడసాగాయి. 1848లో మాంచెస్టర్‌లో ఈ చిమ్మటల్లో పూర్తి నల్లటిది ఒకటి మొదటిసారి నమోదైంది. 1895 నాటికి అక్కడ నూటికి దాదాపు 98 నల్లవే.

"చూశారా, మారిపోయాయి" అంటారు. ఏది మారింది? ఒక్క తెల్ల చిమ్మట కూడా నల్లగా మారలేదు. తెల్లవాటిని పక్షులు ఏరుకు తిన్నాయి. అప్పటికే కొద్దిగా ఉన్న నల్లవి మిగిలి, పిల్లల్ని కన్నాయి. మనం గొప్పగా చెప్పుకునే ఆ సర్దుబాటు మొత్తం చావుల మీద నడిచిన వ్యవహారం. అదీ చిమ్మట కాబట్టి నడిచింది. ఏడాదికో తరం, గుడ్లు వందల్లో. యాభై ఏళ్లలో యాభై తరాలు దొర్లిపోయాయి. ఏనుగు సంగతి చూడండి. ఇరవై రెండు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. దానికి యాభై తరాలంటే వెయ్యేళ్ల పైమాట. మన రోడ్డు టెండరు గడువు రెండేళ్లు.

ఏనుగుల్లోనూ అలాంటి మార్పు వచ్చిన చోటు ఒకటుంది కాబట్టి అదీ చూద్దాం. మొజాంబిక్‌లోని గొరొంగోసా. 1977 నుంచి 1992 దాకా అక్కడ అంతర్యుద్ధం. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి. ఆయుధాల ఖర్చుకు దంతాలమ్ముకుని రెండు పక్షాలూ ఏనుగుల్ని కాల్చాయి. నూటికి తొంభైకి పైగా పోయాయి. యుద్ధానికి ముందు దంతాల్లేని ఆడ ఏనుగులు ఐదో వంతుకు లోపే ఉండేవి. యుద్ధం దాటి బతికినవాటిలో సగం అవే. 2021లో శాస్త్రవేత్తలు దీని వెనకున్న జన్యు కారణాన్నీ బయటపెట్టారు. ఆ గుణాన్ని మోసే తల్లి నుంచి అది సంక్రమించిన మగపిల్ల కడుపులోనే పోతుంది. అంటే తూటా తప్పించిన ఆ లక్షణం తన మూల్యాన్ని పుట్టబోయే కొడుకుల్లోంచి వసూలు చేసుకుంటోంది. దీన్ని "అలవాటు పడటం" అనేవాళ్లు ఒక ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమందిని చంపి, మిగిలినవాడు నిబ్బరంగా ఉన్నాడని సంతోషిస్తారేమో.

2. కోతిని చూపించి అలుగు కథ చెప్పడం

ఊళ్లో మనకు కనిపించే జంతువులు ఊళ్లో బతకగలిగినవి. బతకలేనివి కనిపించవు. కాబట్టి కనిపించేవాటిని లెక్కపెట్టి "అన్నీ బతుకుతున్నాయి" అంటే అది లెక్క కాదు, కనికట్టు. కోతి ఏది దొరికినా తింటుంది, గుంపుగా దాడి చేస్తుంది, నేర్చుకున్నది పిల్లలకు నేర్పుతుంది. చిరుత కుందేలు నుంచి దూడ దాకా దేన్నయినా తింటుంది, రాత్రిపూట తిరుగుతుంది, చిన్న పొదలో దాక్కోగలదు. ఈ గుణాలు అడవిలో ఏ కొద్దిమందికో దక్కాయి. చెదపురుగూ చీమా తప్ప ఇంకేమీ తినని అలుగుకు, చెట్టు లేని గడ్డి నేల తప్ప ఎక్కడా గుడ్డు పెట్టని బట్టమేక పిట్టకు కోతి తెలివితేటల్ని ఆపాదించడం ఏ తర్కం?

పైగా కోతుల కథయినా పూర్తిగా విజయగాథేనా? మన దక్షిణాదికే ప్రత్యేకమైన కోతి ఒకటుంది. నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు, ఒంటికంటే పొడుగు తోక. గోదావరికి ఉత్తరాన ఉండే పొట్టి తోక ఎర్ర పిర్రల కోతి ఇప్పుడు నది దాటి కిందికి జరుగుతూ వస్తోంది. వచ్చిన చోటల్లా పాపిడి కోతి వెనక్కి తగ్గుతోంది. దారి పొడవునా బిస్కెట్లు, అరటిపళ్లు విసిరేవాళ్లకు రెండూ కోతులే. గుంపు పెరిగిందని మురిసేలోపు ఒక జాతి మన ముందే చోటు ఖాళీ చేస్తోంది.

3. కాపాడిన గుణమే చంపుతోంది

అసలు తగువు ఇక్కడుంది. జంతువు గుణాలు ఎటు తిప్పితే అటు తిరిగే ఆయుధాలని ఆ మాట అనేవాళ్లు అనుకుంటున్నారు. ప్రతి గుణమూ ఒక నిర్దిష్టమైన ప్రమాదానికి, ఒక నిర్దిష్టమైన చోట, లక్షల ఏళ్లలో తయారైన జవాబు. ప్రశ్న మారితే ఆ పాత జవాబే ప్రాణం తీస్తుంది.

నల్లమలలో తిరిగే అలుగునే తీసుకోండి. నోట్లో పళ్లు లేవు. పరుగు లేదు. ఒంటి నిండా మన గోళ్లలాంటి పదార్థంతోనే అయిన గట్టి పొలుసులు. ఏదైనా మీదికొస్తే తల పొట్టలోకి ముడుచుకుని, తోకను పైన బిగించి ముద్దగా చుట్టుకుంటుంది. మెత్తని భాగమంతా లోపల, పొలుసుల అంచులు బయట. చిరుత పంజాతో దొర్లిస్తుంది, కొరికి చూస్తుంది, పళ్లు దిగక విసుగెత్తి పోతుంది. ఇంతకు మించిన రక్షణ అడవిలో అరుదు. అదే అలుగు ముందు మనిషి నిలబడితే? అది పారిపోదు. కరవదు. నమ్మకంగా చుట్టుకుని అక్కడే ఉంటుంది. వాడు వంగి, రెండు చేతులా ఎత్తి, గోనెసంచిలో వేసుకుంటాడు. వల అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. ఆ పొలుసుల్లో మందు గుణాలున్నాయని చైనా, వియత్నాం మార్కెట్లలో నమ్మకం. 2016లో ప్రపంచంలోని ఎనిమిది అలుగు జాతులతోనూ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఈ జంతువు ఏం నేర్చుకోవాలంటారు? చుట్టుకోవడం మానేస్తే చిరుత తింటుంది. చుట్టుకుంటే మనిషి ఎత్తుకుపోతాడు. కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్ల. అంత నెమ్మదిగా పెరిగే జాతికి ప్రయోగాలు చేసే తీరిక లేదు.

బట్టమేక పిట్టది ఇంకో రకం చావు. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొన్ని. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. గడ్డిలో మేస్తూనే నక్క ఎటునుంచి వస్తున్నా పసిగట్టడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. అయితే పక్కలు బాగా కనబడాలంటే ముందు చూపు తగ్గాలి. దీని ఆఫ్రికా బంధువు కోరి బస్టర్డ్ మీద 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఆ పక్షి ఎగురుతూ తలను పాతిక డిగ్రీలు కిందికి వంచితే చాలు, తాను వెళుతున్న దిశలో ఇక ఏమీ చూడలేదు. తల వంచేది ఎందుకు? కింద గడ్డి ఎక్కడుందో, తోటి పిట్టలెక్కడున్నాయో చూసుకోవడానికి. లక్షల ఏళ్ల పాటు ఆకాశంలో ఆ ఎత్తున దానికి అడ్డం వచ్చిందేమీ లేదు. ఇప్పుడు తీగ వచ్చింది. ఆఖరి క్షణంలో కనిపించినా అంత బరువు చప్పున పక్కకు తిరగదు. రాజస్థాన్ థార్‌లో సౌర, పవన విద్యుత్తు లైన్లకు తగిలి ఇవి చావడం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో లైన్లను భూగర్భంలో వేయమని కోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే.

మనకు ఇదేదో రాజస్థాన్ గొడవ అనిపిస్తే రోళ్లపాడు గుర్తు చేస్తాను. నందికొట్కూరు దగ్గర ఆ అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేసిందే ఈ పిట్ట కోసం. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటం గగనం. అక్కడ బోర్డు మీద బొమ్మ ఉంటే చాలదు కదా.

సముద్రానికొద్దాం. శ్రీకాకుళం నుంచి కృష్ణా జిల్లా దాకా మన ఇసుక తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గూడుకు వంద పైచిలుకు గుడ్లు. యాభై రోజులు అటూ ఇటుగా పిల్లలు ఇసుక తోసుకుని రాత్రిపూట పైకొస్తాయి. అరచేతిలో పట్టేంత పిల్ల. తల్లి లేదు, దారి చూపేవాళ్లు లేరు. దానికి పుట్టుకతో తెలిసిన నియమం ఒక్కటే: ఎటు వెలుగు ఎక్కువుంటే అటు. చీకటి రాత్రిలో ఇసుక దిబ్బల వైపు నల్లగా, నీటి వైపు కొంచెం తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ నియమం కోట్ల పిల్లల్ని సముద్రంలోకి చేర్చింది. ఇప్పుడు దిబ్బల వెనక బీచ్ రోడ్డు, దాని మీద ఎల్‌ఈడీ స్తంభాలు, రిసార్టు గోడ మీద ఫ్లడ్‌లైట్లు. పిల్ల నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి రోడ్డు వైపు పాకుతుంది. తెల్లారేసరికి కుక్కలు, కాకులు, ఎండ మిగతా పని చూస్తాయి. అది తప్పు చేయలేదు. సరిగ్గా చేసినందుకే చచ్చింది.

దాని తల్లి పరిస్థితి కూడా చెప్పి వదిలేస్తాను. తాబేలుకు ఊపిరితిత్తులుంటాయి, పైకొచ్చి గాలి పీల్చాలి. కదలకుండా ఉంటే చాలాసేపు నీటి అడుగున ఉండగలదు. ట్రాల్ వలలో చిక్కి గింజుకుంటే పీల్చిన గాలి నిల్వ చకచకా అయిపోయి మునిగి చస్తుంది. 2025 జనవరిలో కాకినాడ తీరానికి కళేబరాలు కొట్టుకొచ్చి వార్తలయ్యాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే జోరు అంతకు ముందు, జనవరి నుంచి మార్చి మధ్య. నిషేధం చేపల కోసం పెట్టింది, తాబేలుకు అది పనికిరాదు. క్యాలెండర్ చూసి రమ్మందామా?

4. రాబందుకు ఏం నేర్పిస్తారు?

రాబందు కడుపులో ఆమ్లం కుళ్లిన మాంసంలోని ఆంత్రాక్స్ క్రిముల్ని కూడా తట్టుకోగలదు. ఇంతకంటే మొండి కడుపు పక్షుల్లో దొరకదు. తొంభైల్లో పశువులకు డైక్లోఫినాక్ నొప్పి సూది వేయడం పల్లెపల్లెకూ పాకింది. సూది వేయించుకున్న పశువు చచ్చి, దాని కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుని ఉండేది. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో ఒక రాబందు జాతి 99.9 శాతం పడిపోయింది. కారణం ఇదేనని తేలింది 2004లో. పశువైద్యంలో మందును నిషేధించింది 2006లో.

ఇక్కడ "అలవాటు" వాదం ఒక్క అడుగు కూడా వేయలేదు. కళేబరంలో ఆ మందు ఉందని రాబందుకు తెలిసే దారి లేదు. తినగానే కడుపునొప్పి వస్తే రెండోసారి మానేస్తుందేమో, చావు రెండు రోజుల తర్వాత వస్తుంది. ఇక రాబందుల బతుకు చాకచక్యమే చూడండి: ఆకాశంలో ఒకదాన్నొకటి గమనిస్తూ, ఒకటి దిగితే వెనకే పదులకొద్దీ దిగుతాయి. మేత దొరకడం అరుదైన చోట ఇది అద్భుతమైన ఏర్పాటు. విషమున్న కళేబరం విషయంలో అదే ఒక మూకుమ్మడి చావు. వంద కళేబరాల్లో ఒక్కటి కంటే తక్కువ వాటిలో మందు ఉన్నా ఈ పతనానికి సరిపోతుందని లెక్క తేలింది. జంటకు ఏడాదికి ఒక్క గుడ్డు. పతనం పదిహేనేళ్లలో జరిగితే పుంజుకోవడం ఎన్నేళ్లలో జరగాలి?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు ఉన్నాయని 2013లో తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుంది కదా. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో కనిపించిన పక్షి ఒక గుట్ట మీద కనిపిస్తే వార్త అయ్యే రోజులకు వచ్చాం.

5. నిజంగానే అలవాటు పడితే

ఒక్క నిమిషం వాళ్ల మాటే నిజమనుకుందాం. జంతువులు ఊళ్లకు అలవాటు పడ్డాయి. అప్పుడేమైంది?

ఎలుగుబంటిని చూడండి. పొడుగు గోళ్లు పుట్టలు తవ్వడానికి. పైదవడ ముందు పళ్లు రెండు లేవు, ఆ సందులోంచి చెదల్ని గాలితో పాటు జుర్రుకుంటుంది. ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. తల పుట్టలో పెట్టి జుర్రుకుంటున్నప్పుడు దానికి మాత్రం మనిషి అలికిడి వినపడదు. చూపూ అంతంతమాత్రం. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా గమనిస్తుంది. పులితో కలిసి బతికిన జంతువు కాబట్టి, పారిపోవడం కంటే ఎదురుతిరిగి మీదపడటమే దానికి ప్రాణాధారం అయిందని శాస్త్రవేత్తల అంచనా. అడవిలో పులిని వెనక్కి తగ్గించే ఆ దూకుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో జీడిపిక్కలు ఏరడానికి వెళ్లిన మనిషి ముఖం చీల్చుతుంది. 2022 జూన్‌లో అక్కడి వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగుబంటి రైతును చంపింది, మరికొందరిని గాయపరిచింది. దాన్ని పట్టుకున్నారు, అదీ చచ్చిపోయింది.

2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపింది. మనిషి చుట్టూ బతకడం నేర్చిన చిరుత ఎంత తెలివైనదో మెచ్చుకుంటూ మాట్లాడేవాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి ఆ మాట అనగలరా? "అవే అలవాటు పడతాయి" అనే మాటకు బిల్లు చెల్లించేది అడవి అంచున బతికేవాళ్లు. రోడ్డు వేసినవాడి ఇల్లు అక్కడ ఉండదు.

6. "అంతరించడం కొత్తేమీ కాదుగా"

కాదు. చావూ కొత్త కాదు, అయినా హత్యకు శిక్ష ఉంది. డైనోసార్లు పోయాక ఆ ఖాళీని నింపడానికి క్షీరదాలకు లక్షల ఏళ్లు పట్టింది. ఆ లెక్కలో ఊరట పొందగలిగేంత ఆయుష్షు ఎవరికీ లేదు. ఈ వాదం మీద ఇంతకంటే కాగితం ఖర్చు పెట్టను.

7. అలవాటు మార్చుకోగలిగిన జంతువు ఒకటుంది

ముందు మార్చుకోలేనిదాన్ని చూద్దాం. కడప జిల్లా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోని కలివి కోడిని తీసుకోండి. 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేసిన చిన్న రాత్రి పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, పోయిందనుకున్నాక, 1986లో మళ్లీ దొరికింది. దొరికిన తీరు గమనించండి: రాత్రి వేటకెళ్లిన స్థానికుడి చేతికి లైటు వెలుతురులో చిక్కింది. శత్రువుకు కనబడకుండా పొదల మధ్య కదలక నిలబడే పిట్ట అది. ఉనికి తెలియజేసిన ఆ పిట్ట బతకలేదు. ఆ చిట్టడవి మీదుగా తెలుగు గంగ కాలువ తవ్వబోతే అభ్యంతరాలు వచ్చాయి, కాలువ దారి మార్చారు. కాలువకు వంపు తిరగడం సాధ్యమైంది. పిట్టకు ఇంకో పొద సాధ్యం కాదు.

ఇక్కడి నుంచి నా వాదం సూటిగా చెబుతాను. వందల తరాల చావు అక్కర్లేకుండా, ఒక్క జీవోతో, ఒక్క సీజన్‌లో ప్రవర్తన మార్చుకోగలిగిన జంతువు మనిషే. సర్దుకోవాల్సిన బాధ్యత సర్దుకోగలిగినవాడి మీదే ఉంటుంది. బట్టమేక పిట్ట తిరిగే నేలలో లైను భూగర్భంలోంచి పోవాలి. తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు పైకొచ్చే నెలల్లో తీరం వెంట లైట్లు ఆర్పాలి, లేదా నేల వైపు తిప్పి కప్పాలి. ట్రాల్ వలకు తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టాలి. ఆ పరికరం ఎప్పుడో తయారైంది, మరపడవల్లో బిగించడమే మిగిలింది. పశువుకు డైక్లోఫినాక్ బదులు మెలోక్సికామ్ ఉంది, రాబందుకు అది హాని చేయదు. మనుషుల కోసం తయారైన డైక్లోఫినాక్ పెద్ద సీసాలు కొని పశువులకు వాడుతున్నారని 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. ఇందులో ఏదీ అసాధ్యం కాదు, ఏదీ మన బతుకును ఆపేది కాదు. ఖర్చు అంటారా? అవును, ఖర్చే. ఆ ఖర్చు ఇంతకాలం తాబేలు పిల్ల, ఉద్దానం రైతు కడుతున్నారు.

మీ మండలంలో ఈసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, వేదిక మీద ఎవరైనా "అవే అలవాటు పడతాయి" అంటే లేచి మూడు ప్రశ్నలు అడగండి. ఏ జంతువు? ఎన్ని తరాల్లో? ఈలోపు ఎన్ని చావాలి? అడిగి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజలు లేవనెత్తిన అంశాల్ని, వాటికి ప్రాజెక్టు యాజమాన్యం ఇచ్చిన జవాబుల్ని స్థానిక భాషలో కూడా నమోదు చేసి సభా వివరాలకు జతచేయాలి.